వేడి చేసిందనుకున్నాం

చదివేవాళ్ళకు ముందే ఒక మాట చెబుతున్నాను. నేను ఐదో తరగతి వరకే బడికి పోయాను. ఒత్తులు ఎక్కడ పెట్టాలో, దీర్ఘాలు ఎక్కడ తీయాలో నాకు ఇప్పటికీ సరిగా రాదు. దానికి తోడు పెన్ను ఇప్పుడు నా వేళ్ళలో నిలవదు, జారిపోతుంది. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోవద్దు. ఎప్పుడూ ఒక ఉత్తరం కూడా రాయని మనిషిని. భయంగానే ఉంది. కానీ నాకు జరిగింది ఇంకొకరికి జరగొద్దని రాస్తున్నాను.

నా పేరు సైదాబీ. మాది భద్రాచలం. మా ఆయన మస్తాన్, నేను దూది పరుపులు కుడతాం. మా మామ కాలం నుంచీ అదే పని. చుట్టుపక్కల అడవి ఊళ్ళ వాళ్ళు కూడా పెళ్ళిళ్ళకు మా దగ్గరే కుట్టించుకుంటారు. ఆయన దూది ఏకి, గలీబులో, అంటే పరుపు సంచిలో, నింపి, కర్రతో కొట్టి చదును చేస్తాడు. కుట్లు వెయ్యడం నా పని. పరుపు కుట్టేటప్పుడు కుడి చేత్తో పైనుంచి దబ్బనం దించాలి. ఎడమ చెయ్యి పరుపు కింద పెట్టాలి. మొన ఎక్కడ దిగుతుందో కంటికి కనపడదు. వేలి కొనకు తగలగానే గుచ్చుకోకముందే పట్టుకుని కిందికి లాగాలి. మళ్ళీ పక్కనుంచి పైకి పంపాలి. అంటే ఈ పనిలో కళ్ళకన్నా ఎడమ చెయ్యే ముఖ్యం.

ఒకరోజు పెళ్ళి పరుపు కుడుతున్నాను. మధ్యలో కుట్టు వెయ్యడానికి పరుపు మీద బోర్లా ఒరిగాను. ఎడమ రొమ్ము కింద ఏదో గట్టిగా ఒత్తుకుంది. దూదిలో గింజ మిగిలిందేమో అనుకున్నాను. ఎంత ఏకినా ఒక్కోసారి పత్తి గింజ ఉండిపోతుంది. పరుపంతా తడిమాను, ఏమీ లేదు. మళ్ళీ ఒరిగితే మళ్ళీ ఒత్తుకుంది. అప్పుడు చెయ్యి నా మీదే పెట్టి చూసుకున్నాను. గింజ పరుపులో లేదు, నాలో ఉంది.

నొప్పి లేదు. అందుకే కొన్నాళ్ళు ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఆ చోట చర్మం లోపలికి లాగినట్టు అయింది. అప్పుడు మా అత్తమ్మకు చూపించాను. ఆమె చూసి, నా జాకెట్ సర్ది, మస్తాన్‌ను కేకేసింది.

"రేపు పరుపుల పని బంద్ చెయ్యిరా. దీన్ని ఖమ్మం తోలుకపో."

"ఏమైందమ్మా?"

"ఏమైందో నాకు తెలిస్తే ఖమ్మం ఎందుకు పొమ్మంట?"

ఖమ్మంలో మామోగ్రామ్ తీశారు. తర్వాత సూదితో చిన్న ముక్క తీశారు, బయాప్సీ అన్నారు. రిపోర్టు వచ్చాక ఒక డాక్టరమ్మ మమ్మల్ని లోపల కూర్చోబెట్టి తలుపు వేసింది. తలుపు వేసినప్పుడే నాకు అర్థమైంది. "క్యాన్సరే. కానీ చెయ్యి దాటిపోలేదు. ఆపరేషన్ చేద్దాం, తర్వాత కీమో ఇద్దాం. కష్టంగా ఉంటుంది. మధ్యలో మానేయొద్దు" అంది. మధ్యలో మానేయొద్దు అన్న మాట నా మనసులో మేకు కొట్టినట్టు దిగింది. తర్వాత జరిగిన వాటన్నిటిలో ఆ మాట ఉంది.

ఆపరేషన్ అయింది. గాయం మానాక కీమో మొదలుపెట్టారు. ముందు ఎర్ర మందు. అది ఎక్కిన ప్రతిసారీ వాంతులు. జుట్టు మొత్తం పోయింది. అన్నం చూస్తేనే కడుపులో తిప్పేది. అది అయిపోయాక డాక్టరమ్మ "ఇక వారం వారం పాక్లిటాక్సెల్ ఇస్తాం. వాంతులు ఇంత ఉండవు" అంది. నిజంగానే వాంతులు తగ్గాయి. అన్నం సయించింది. గట్టెక్కినం అనుకున్నాం.

నా పక్క కుర్చీలో మందు ఎక్కించుకునే ఆమె స్వరూప. వాళ్ళది ఇల్లందు. భర్త బొగ్గు బావిలో పని చేస్తాడు. నోరు మంచిది కాదని ఆమే చెప్పుకునేది, కానీ ఆమె లేకపోతే ఆ గదిలో గంటలు గడిచేవి కావు.

కొన్ని వారాలకు నా అరికాళ్ళు, అరచేతులు మండడం మొదలైంది. మధ్యాహ్నం రోడ్డు మీద చెప్పుల్లేకుండా నిలబడినట్టు మంట. అప్పుడు ఎండాకాలం. భద్రాచలం ఎండలు చెప్పక్కర్లేదు. ఇంట్లో అందరం ఒకటే అనుకున్నాం.

"వేడి చేసింది. అగ్గిలాంటి మందు లోపలికి పోతాంది, బయట ఎండ గిట్లుంది. వేడి చెయ్యక ఏమైతది?" అంది అత్తమ్మ.

వేడి చేస్తే మా ఇళ్ళలో ఏం చేస్తారు? సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు, పెరుగు. అరికాళ్ళకు గోరింటాకు. మా ఇంటి వెనక గోరింటాకు చెట్టు ఉంది. అత్తమ్మ రోజూ ఆకు దూసి, రోట్లో నూరి, నా అరచేతులకు, అరికాళ్ళకు మందంగా పట్టించేది. పెట్టినంతసేపూ చల్లగా ఉండేది. దానికి తోడు మందుతో నా గోళ్ళు నల్లబడ్డాయి. గోరింటాకు పెడితే ఆ నలుపు కనపడేది కాదు. బోడిగుండుకు కొంగు కప్పుకున్న మనిషికి చేతులైనా ఎర్రగా కనపడితే ఒక ధైర్యం. నేనూ వద్దనలేదు.

ఖమ్మం పోయినప్పుడు స్వరూప నా చేతులు చూసి నవ్వింది.

"ఏందక్కా, కీమోకు ఒచ్చినవా, పెండ్లికి ఒచ్చినవా?"

"వేడికి మా అత్తమ్మ పెట్టింది."

"నన్ను గూడ గింత మంచిగ చూసుకోమనక్కా మీ అత్తను! మా అత్తయితే నన్నే రుబ్బమంటది."

సిస్టర్ ప్రతి వారం వరసగా అడిగేది. "వాంతులున్నాయా? జ్వరం? విరేచనాలు? తిమ్మిర్లు?" నేను "కింద కూసోని పని చేస్తం కద సిస్టర్, తిమ్మిర్లు మామూలే" అనేదాన్ని. ఆమె రాసుకుని పోయేది. మంట గురించి చెప్పలేదు. దాచాలని కాదు. వేడి గురించి డాక్టరుకు ఎవరన్నా చెబుతారా? అది ఇంట్లో చూసుకునే సంగతి.

తర్వాత మంట తగ్గింది. గోరింటాకు పని చేసిందని అత్తమ్మ సంతోషపడింది. నేనూ సంతోషపడ్డాను. కానీ మంట పోయిన చోటికి ఇంకోటి వచ్చింది. అరికాళ్ళ కింద దూది పరిచి నడుస్తున్నట్టు ఉండేది. జాకెట్ హుక్కులు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టేది. అన్నం ముద్ద చేస్తే ముద్ద అయిందో లేదో తెలిసేది కాదు. నీరసం అనుకున్నాను.

ఒంట్లో కొంచెం బాగున్న రోజున "ఒక్క వరస కుడతా" అని పరుపు ముందు కూర్చున్నాను. మస్తాన్ పక్కన గలీబులో దూది కూరుతున్నాడు. దబ్బనం దించాను. కింది చేతికి ఏమీ తగల్లేదు. దూది మందంగా ఉందేమో అని ఇంకా నెట్టాను.

"ఆగు! ఆగు సైదా!" అని మస్తాన్ అరిచాడు.

"ఏందయ్యా?"

"నెత్తురు! పరుపు కింద నెత్తురు కారుతాంది. నీకు తెలుస్తలేదా?"

"ఎవరిది?"

"ఎవరిదంటవేంది! నీ వేల్లో దిగి ఉంది దబ్బనం!"

పరుపు పక్కకు జరిపి చూపించాడు. మొన నా చూపుడువేలికి ఇవతల దిగి అవతల తేలింది. నాకు నొప్పి లేదు. ఎవరి వేలో చూస్తున్నట్టు చూశాను. ఆయన దాన్ని బయటికి లాగుతుంటే ఆయన మొహమే నొప్పితో వంకర పోయింది. నా మొహం మామూలుగా ఉంది. నన్ను భయపెట్టింది నెత్తురు కాదు, అది.

"ఈ వారం పోయినప్పుడు డాక్టరమ్మకు చెప్పాల్సిందే. ఇది వేడి కాదు" అన్నాడు.

ఆ వారం దాకా ఆగలేదు. చలి జ్వరం వచ్చింది. రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు కొట్టుకున్నాయి. భద్రాచలం దవాఖానాలో సెలైన్ పెట్టి "కీమో పేషెంట్, మీరు ఖమ్మం తీసుకెళ్ళండి, జల్దీ" అని అంబులెన్స్ ఎక్కించారు. దారిలో అత్తమ్మ నా తల ఒళ్ళో పెట్టుకుని దువా చదువుతూనే ఉంది.

ఖమ్మంలో రక్తం తీశారు. "తెల్లకణాల కౌంట్ బాగా పడిపోయింది. ఎక్కడో ఇన్ఫెక్షన్ ఉంది. ఎక్కడుందో దొరకాలి" అన్నారు. గొంతు చూశారు. ఆపరేషన్ చేసిన చోటు చూశారు. ఛాతీ ఎక్స్‌రే తీశారు. ఎక్కడా లేదు. ఒక చిన్న డాక్టరు కాళ్ళ మీద దుప్పటి తీసి చూసి, ఎర్రటి గోరింటాకు చూసి, మళ్ళీ కప్పేశాడు. సాయంత్రం మా డాక్టరమ్మ వచ్చింది. ఆమె నా పాదాలు రెండూ చేతుల్లోకి తీసుకుని బొటనవేలితో అంగుళం అంగుళం ఒత్తింది. కుడి పాదం మడమ దగ్గర ఒత్తగానే చీము వచ్చింది.

"ఇదేంటి?"

"గోరింటాకు మేడం."

"గోరింటాకని నాకు తెలుసమ్మా. దాని కింద ఏముందో మీకు తెలుసా?"

కాలు ఎక్స్‌రే తీస్తే సూది ముక్క కనపడింది. మా ఇంట్లో గలీబులు కుట్టే మిషన్ సూది విరిగి నేల మీద పడ్డది ఎప్పుడు గుచ్చుకుందో, ఎన్నాళ్ళు దాని మీదే నడిచానో నాకు తెలియదు. వాపు ఎర్రగా ఉన్నా గోరింటాకు ఎరుపులో కలిసిపోయింది. ఇంట్లో రోజూ ఆ కాలు పట్టుకుని ఆకు పట్టించిన అత్తమ్మకు కూడా కనపడలేదు. ఆమెకు చూపు మందం.

ముక్క తీసి, చీము కడిగి, యాంటీబయాటిక్ ఎక్కించారు. జ్వరం దిగాక డాక్టరమ్మ రెండు కొనలున్న ఇనుప చువ్వ లాంటిది తెచ్చింది. దాన్ని తట్టి మోగించి, నన్ను కళ్ళు మూసుకోమంది.

"బొటనవేలి మీద పెట్టాను. ఏమన్నా తెలుస్తుందా?"

"పెట్టిండ్రా మేడం?"

ఆమె చీలమండ మీద పెట్టింది, తెలియలేదు. మోకాలి మీద పెడితే జుమ్మంది. చేతి వేళ్ళ మీద కూడా తెలియలేదు.

"సైదాబీ, మీరేం పని చేస్తారు?"

మస్తాన్ చెప్పాడు. కింది చెయ్యి సంగతి, దబ్బనం దిగిన సంగతి అంతా చెప్పాడు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "మేం ఇన్నాళ్ళూ అడగలేదు. మీరూ చెప్పలేదు" అంది.

అప్పుడు ఒక కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. నాకు అర్థమైనంత రాస్తాను. తప్పుంటే అది నాది, ఆమెది కాదు. మన ఒంట్లో ప్రతి కణంలో సన్నటి గొట్టాలు ఉంటాయట. మైక్రోట్యూబ్యూల్స్ అంటారట. అవి ఎప్పుడూ ఒక్కలాగ ఉండవు. కణం వాటిని కట్టుకుంటుంది, విప్పుకుంటుంది, మళ్ళీ కట్టుకుంటుంది. ఒక కణం రెండు కణాలు కావాలంటే లోపల ఉన్నదాన్ని చెరి సగం పంచి రెండు పక్కలకు లాగేది ఈ గొట్టాలే. పాక్లిటాక్సెల్ పోయి ఆ గొట్టాలను బిగదీస్తుంది, ఇక విప్పుకోనివ్వదు. క్యాన్సర్ కణం రెండుగా చీలబోయి మధ్యలో ఇరుక్కుని చచ్చిపోతుంది.

నేను అన్నాను, "మేం గలీబుకు ముందు కచ్చా కుట్టు ఏస్తం మేడం. అసలు కుట్టు అయినంక దాన్ని ఊడదీయాలె. ఊడకపోతే బట్ట పాడైతది. గట్లనా?"

"అవును. అలాంటిదే. మందు ఆ కచ్చా కుట్టును ఊడకుండా చేస్తుంది."

"మరి నా వేళ్ళేం జేసినయ్?"

నరాల సంగతి వేరేనట. నరాల కణం రెండుగా చీలదు. కానీ నడుము నుంచి కాలి బొటనవేలి దాకా ఒకే కణం పొడుగ్గా సాగి ఉంటుందట. దాని తిండి, దానికి కావలసిన సామానంతా పైన తయారై, ఆ గొట్టాల మీదనే కింది దాకా పోవాలట. "గోదారి వరదొచ్చి రోడ్డు మునిగితే మీ వైపు ఏ ఊరికి ముందు సరుకులు అయిపోతాయి?" అని అడిగింది.

"ఆఖరి ఊరికి" అన్నాడు మస్తాన్.

"కాలి వేళ్ళు, చేతి వేళ్ళు ఆఖరి ఊళ్ళు. మందు క్యాన్సర్ కణాల్లో గొట్టాలనే కాదు, నరాల్లో గొట్టాలనూ బిగదీసింది. దూరంగా ఉన్నవి ముందు మొద్దుబారాయి. మొదట మండింది అందుకే. అది వేడి కాదు."

అత్తమ్మ గోడ దగ్గర నిలబడి వింటోంది. "నేనే పెట్టిన గోరింటాకు" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

"అమ్మా, ఇది గోరింటాకు వల్ల రాలేదు. దాని కింద ఉన్నది మాకు కనపడలేదు, అంతే" అంది డాక్టరమ్మ. అయినా అత్తమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు.

డాక్టరమ్మ మందు ఆపుదామంది. మధ్యలో మానేయొద్దు అన్నది ఆమే కదా.

"ఆపొద్దు మేడం. ఇచ్చెయ్యండి. వేళ్ళు పోతే పోనీ."

"పోనీ అంటవేంది?" అని మస్తాన్ లేచాడు. "ఆ చేతుల్తోటేగా ఇంత దూరమొచ్చినం!"

"పానం లేకపోతే చేతులేం జేసుకుంట? గోరీలో పరుపులు కుడతనా?"

"నోర్ముయ్యే!"

పెళ్ళైనప్పటి నుంచి ఆయన నన్ను పరాయి వాళ్ళ ముందు ఒక్క మాట అనలేదు. ఆ రోజు అన్నాడు. అని, బయటికి పోయి వరండాలో నిలబడ్డాడు. ఆ రోజు మందు ఎక్కించుకోవడానికి వచ్చిన స్వరూప ఆయనకు టీ తెచ్చి ఇచ్చిందట. "అన్నా, ఆమె సావుకు భయపడుతాంది, నువ్వు బతుక్కు భయపడుతున్నవ్. ఇద్దరిదీ కరెక్టే. చాయ్ తాగు" అందట.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. "ఆపితే గడ్డ మళ్ళీ రాదని నేను గ్యారంటీ ఇవ్వలేను. ఆపకపోయినా ఇవ్వలేను. ఇప్పటికే ఎక్కువ భాగం ఎక్కింది. పుండు మానేదాకా ఆగుదాం. తర్వాత డోసు తగ్గించి చూద్దాం. వేళ్ళు ఇంకా మొద్దుబారితే మాత్రం ఆపేస్తాను, మీరు కాళ్ళు పట్టుకున్నా సరే" అంది.

పుండు మానింది. తగ్గించిన డోసు ఇచ్చారు. మొద్దుబారడం మణికట్టు దాకా వచ్చింది. డాక్టరమ్మ చెప్పినట్టే ఆపేసింది. ఇంకా రావలసిన సీసాలు నాకు ఎక్కలేదు. అవి ఎక్కకపోవడం వల్ల ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ భయం నాతోనే తిరుగుతుంది.

"మందు ఆపినా కొన్నాళ్ళు తిమ్మిరి పెరుగుతుంది, కంగారు పడొద్దు" అని ముందే చెప్పింది. పెరిగింది. కాలి కింద నేల ఉందో లేదో తెలిసేది కాదు. ఒకరోజు బజారుకు పోయాను. కిరాణా షాపు ఆయన నా కాళ్ళు చూసి "ఏం సైదమ్మా, రెండో చెప్పు కిరాయికిచ్చినవా?" అన్నాడు. చూస్తే ఒక కాలికే చెప్పుంది. రెండోది ఎక్కడ జారిందో తెలియదు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఏడ్చాను.

నరాల మంటకు డులోక్సెటిన్ అనే బిళ్ళ ఇచ్చారు. కొంచెం నిద్ర పట్టింది. ఫిజియోథెరపీ అతను బియ్యంలో శనగలు కలిపి, కళ్ళు మూసుకుని ఏరమన్నాడు. చాలా నెలలు ఏరాను. మొదట్లో ఏది బియ్యమో, ఏది శనగో తెలిసేది కాదు. ఇప్పుడు కుడి చేతికి తెలుస్తుంది. ఎడమ చేతికి బొటనవేలు తప్ప మిగతా వేళ్ళకు స్పర్శ రాలేదు. కాలి వేళ్ళకు కూడా రాలేదు. "ఇంకా రావొచ్చు. పూర్తిగా రాకపోవచ్చు కూడా" అంటుంది డాక్టరమ్మ. స్కానింగ్‌కు పోయే ముందు వారమంతా నాకు అన్నం దిగదు. ఇప్పటివరకు గడ్డ కనపడలేదు.

కుట్టుపని మానేద్దామనుకున్నాను. ఒకరోజు మస్తాన్ కుడుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఆయన కుట్టు ఎప్పుడూ వంకరే. ఉండబట్టలేక "దబ్బనం ఇటియ్యి" అన్నాను. ఇచ్చాడు. నేను పైనుంచి దించబోతే, ఆయన అవతలి పక్కకు పోయి కూర్చుని, పరుపు కింద తన చెయ్యి పెట్టాడు.

"వద్దయ్యా. నీ చేతికి దిగుతది."

"దిగితే నాకు తెలుస్తది కద. గుచ్చు."

మెల్లగా దించాను.

"ఇంకా రాలే. ఇంకా. ఆఁ, ఒచ్చింది, ఆగు."

పట్టుకుని లాగాడు. పక్కనుంచి పైకి పంపాడు. నేను అందుకున్నాను. ఒక్క వరసకు పొద్దుగూకింది. అత్తమ్మ గడపలో కూర్చుని "ఇద్దరు కలిసి ఒక్క మనిషి పని చేస్తున్నరు. మంచిగున్నది కాపురం" అంది. ఇప్పుడు మేం అలాగే కుడుతున్నాం. మునుపటిలా జోరుగా సాగదు. తొందరగా కావాలనే వాళ్ళు వేరే చోటికి పోతున్నారు. మేం కుట్టినవి మాత్రం వంకర లేవు.

చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. కీమో నడుస్తున్నన్నాళ్ళు అరచేతులకు, అరికాళ్ళకు గోరింటాకు గానీ ఇంకే రంగు గానీ పెట్టుకోకండి. రోజూ పొద్దున వెలుతురులో అరికాళ్ళు బాగా కనపడే మనిషితో చూపించుకోండి. మంట వచ్చినా, తిమ్మిరి వచ్చినా, హుక్కు పెట్టుకోవడం కష్టమైనా, వేడి అనుకోకుండా ఆ వారమే డాక్టరుకు చెప్పండి. మీరేం పని చేస్తారో కూడా చెప్పండి, వాళ్ళు అడగకపోయినా.

ఇంతకన్నా బాగా రాయడం నాకు రాదు. తప్పులు చాలా ఉంటాయి. పెద్ద మనసుతో క్షమించి, విషయం మాత్రం తీసుకోండి.